స్టీవెన్ పీకిన డాంగిల్

నాకు వాడరాదంటవా? ఇంకోపాలి అను. నా మొకం జూసి అను స్టీవెన్.

మూడేండ్లు దవాఖాన బిల్లింగ్ కౌంటర్ల కూసున్న దాన్ని నేను. ఒక చేత్తోని బిల్లు కొట్టుకుంట, ఇంకో చేత్తోని ఫోన్ పట్టుకొని మాట్లాడుకుంట. గసొంటి నాకు ఇంట్ల నెట్ పెట్టుకొనుడు రాదా?

ఏడికి లేస్తున్నవ్? కూసో. చాయ్ ఇస్త గని, ముందు ఇను.

మంచిగున్న కంప్యూటరే గదా అది! బిడ్డ పుట్టినంక ఉద్యోగం ఇడిసిపెట్టిన, మళ్ల ఇంట్లకెల్లి చేసే పని ఏదన్న దొరుకుతదేమో అని దాని మీదనే ఆశ పెట్టుకుంటి. నువ్వేం జేసినవ్? దాంట్ల ఉన్న విండోస్ అంత తుడిసేసినవ్. ఏందయ్యా అంటే, దాని జాగల లినక్స్ ఎక్కిస్త అంటివి.

సరే, లినక్స్. ఎక్కించుకునేటోళ్లు అర్ధగంటల ఎక్కించుకుంటరట. నీకు గది నచ్చదాయె! తయారుగున్నది మనకొద్దు, ఒక్కొక్క ప్రోగ్రామ్ సోర్స్ తెచ్చి మనింట్లనే కంపైల్ చేసుకోవాలె, అప్పుడే మన మిషన్‌కు అతికినట్టు ఉంటదంటివి. హోటల్ బిర్యానీ వద్దని వడ్లు దంచుడు కాడికెల్లి మొదలు పెట్టినట్టుంది నీ కథ.

రోజులకు రోజులు ఆ ఫ్యాన్ బర్రుమనుడు, తెర మీద అక్షరాలు ఉరుకుడు. మీ అమ్మ గూడ అడగలేదా, "కొడుకా, దీంట్ల సీరియల్ ఎప్పుడొస్తదిరా" అని?

ఎట్లనో అయ్యింది. చర్చి యూత్ పోరగాళ్లను పిలిచి, "మొత్తం నా చేతులతోటే కట్టిన" అని చూపిచ్చినవ్. వాళ్లు అబ్బో అన్నరు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత.

నిన్న పదింటికి నా పరీక్ష. దవాఖాన బిల్లులు ఇంటికాడికెల్లి ఎక్కించే ఉద్యోగం. ఫోన్ల రాస్తే ఒప్పుకోరు, కంప్యూటర్లనే రాయాలె. బిడ్డను అత్తమ్మకిచ్చి, మంచి చీర కట్టుకొని, తలుపేసుకొని కూసున్న. నెట్ లేదు!

గోడకున్న వైఫై డబ్బా లైట్లు మంచిగనే ఎలుగుతున్నయ్. నీకు ఫోన్ జేసిన. ఎల్బీనగర్ల ఎవరిదో ఆఫీసుల సిస్టం బాగు చేస్తున్నవేమో, నవ్వినవ్. "జర కేబుల్ చూసుకో మేడం" అన్నవ్. నీ ఎనక ఇంకెవడో గూడ నవ్విండు, నాకు ఇనొచ్చింది.

కేబుల్ ఏడిదయ్యా మనకు? ఉన్నదే కంప్యూటర్‌కు గుచ్చే వేలెడంత వైఫై డాంగిల్!

టైం అయిపోయింది. అత్తమ్మకు ఇనపడకుండ నల్లా ఇప్పి ఏడ్సిన. నాకు ఆ ఉద్యోగం కావాలె స్టీవెన్. కావాలె, గంతే.

సాయంత్రం వస్తివి. చార్జింగ్ ఎక్కుతదని నీ ఫోన్ కంప్యూటర్‌కు తగిలిస్తివి. నెట్ టక్కున వచ్చె. "చూసినవా, మంచిగనే ఉన్నది, నీకే వాడరాదు" అంటివి. నిజంగ నాకే రాదేమో అనుకున్న. గదే ఇప్పుడు ఎక్కువ మండుతున్నది నాకు.

ఇయ్యాల పొద్దుగాల ఫోన్ పీక్కొని బాత్రూంకు పోయినవ్. నెట్ పోయింది. బయటకొచ్చి మళ్ల తగిలిచ్చినవ్. వచ్చింది. అప్పుడు ఎలిగింది నా బుర్రల.

ఎదురు ఫ్లాట్ వేదవతి ఆంటీ బిడ్డ అమల లేదా, సాఫ్ట్‌వేర్ పిల్ల? ఆమెను పిలిచిన. చూసి ఏమన్నదో తెల్సా? "అక్కా, అన్నయ్యగారు ఇది కట్టేటప్పుడు దీనికి ఏవేవి తగిలించి ఉన్నాయో వాటి డ్రైవర్లే, అంటే వాటిని నడిపే ప్రోగ్రాములే ఉంచి, మిగతావన్నీ తీసేయించారండి. ఆ టైంలో డాంగిల్ లేదు, ఫోన్ ఉంది. అందుకే ఫోన్ నెట్టే అందుకుంటోంది, డాంగిల్ అంటే ఏంటో దీనికి తెలీదు."

యాదికొచ్చిందా? నువ్వు ఇది కట్టుడు మొదలుపెట్టిన రోజే రోడ్డు తవ్వి మన నెట్ వైరు తెంపిండ్రు, వైఫై లేకుండె. డాంగిల్ పీకి అవతల పడేసి, నీ ఫోన్ నెట్‌తోని నడిపిచ్చినవ్. ఫాల్తుది ఏదీ ఉండొద్దు, తేలికగుండాలె అన్నవ్. దినాం ఇంట్ల వాడేది కోసేసినవ్, నువ్వు జేబుల ఏసుకొని పోయేది ఉంచినవ్! దిల్‌సుఖ్‌నగర్ల నెట్‌వర్కింగ్ కోర్సు జేసినోనివి! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పేమో నాదాయె.

ఏంది, ఇప్పుడే సరిజేస్తవా? వద్దు. ముట్టకు. నీ "ఒక్క నిమిషం" ఎంత పొడుగుంటదో నాకెర్కే.

కరెంటు పోయిందని పరీక్ష పెట్టేటోళ్లకు అబద్ధం చెప్పి, బతిమిలాడిన. రేపు పదింటికి మళ్ల రాయనిస్తమన్నరు, గదే ఆఖరట. నా ఫోన్ తగిలిచ్చుకోవాల్నా? నువ్వు వాడి పడేసిందే గదా నాకిచ్చినవ్, వైరు పెడితే చార్జింగే ఎక్కదు. అమల ల్యాప్‌టాప్ ఆమె ఆఫీసుది, ఇయ్యరాదు.

అందుకే చెప్తున్న. రేపు నీ ఫోన్ ఈడనే ఉంటది, కంప్యూటర్‌కు తగిలిచ్చి. నువ్వు ఉత్త చేతులతోని మెట్రో ఎక్కి పో.

కస్టమర్లు ఫోన్ జేస్తెనా? చెయ్యనియ్యి. పరీక్ష అయినంక నేనే ఎత్తుత. నెట్ వస్తలేదు, స్టీవెన్ ఏడున్నడు, పరేషాన్ అయితున్నం అంటరు, అంతే గదా? నువ్వు నాకు చెప్పిందే వాళ్లకు చెప్త.

"జర కేబుల్ చూసుకోండి సార్" అంట. అని, నేను గూడ నవ్వుత.