కింద నుంచి చూసిన విమానం

మళ్ళీ అదే మాట అన్నాడమ్మా ఆ డైరెక్టరు! అద్భుతంగా ఉందట, ఒక్క గీత కూడా మార్చొద్దట. ఏం చెయ్యను, తల బాదుకోనా?

ఇదిగో, అన్నం వేడివేడిగా నీ ఫొటో ముందు పెట్టాను. ఊదొత్తి కూడా వెలిగించాను. కాస్త నా గోడు విను.

ఇన్నేళ్ళుగా కార్టూన్ సినిమాల్లో యుద్ధవిమానం ఎగరాలంటే నన్నే పిలుస్తున్నారు కదా. విసుగెత్తిపోయింది. కానీ ఈసారి విమానాలొచ్చి బాంబులేసి మన ఊరు తగలబెట్టిన రాత్రి కథన్నారు. నువ్వేమో ఆస్పత్రి మంచం మీద చెయ్యి పట్టుకుని, "ఆ విమానాన్ని భయమేసేలా గియ్యవే, కజుయో" అన్నావు. సరేనని మాటిచ్చాను.

ఏదీ, వస్తేగా! పొట్ట ఉబ్బించాను, ముక్కు మొద్దు చేశాను. కాగితం మీద రాక్షసిలాగే ఉంటుంది, ఎగిరేసరికి మళ్ళీ సొగసు! మా గురువుగారు యుద్ధంలో నేవీ సినిమాలకి విమానాలు గీసిన మనిషాయె. "రెక్క వాలేముందు కాస్త తటపటాయించాలమ్మాయ్, అప్పుడే బరువు తెలుస్తుంది" అని నేర్పాడు. చేతికి పట్టుబడిపోయిన విద్య, వద్దంటే పోతుందా?

నిన్న ఆ బొమ్మల్ని తెర మీద ఆడించారు. గదంతా "అబ్బా!" అంది. "కజుయో గారూ, పోస్టరు మీద ఇదే వేద్దాం" అని డైరెక్టరు మురిసిపోయాడు. పిల్లల ఆటబొమ్మల కంపెనీవాడు ఎంత సైజులో చెయ్యాలో అప్పుడే చేతులతో కొలుచుకుంటున్నాడు. మన ఊరిని బూడిద చేసినదాన్ని పిల్లలు పక్కలో పెట్టుకుని పడుకుంటారన్నమాట!

మళ్ళీ గీస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాను. "టైం ఎక్కడుందండీ? బంగారంలాంటిదాన్ని ఎందుకు చెడగొట్టుకుంటారు?" అని నవ్వేశాడు. పోనీ మానేద్దునా? మానేసినా అదే బొమ్మ తెరకెక్కుతుంది. ఎటు తిరిగినా గోడే.

అమ్మా... ఒకటి అడుగుతా, కోప్పడకు. ఆ రాత్రి నీ తమ్ముణ్ణి, పసివాడు మినోరుని, వీపున కట్టుకుని పరిగెత్తావు. వంతెన మీద ఒక్కసారి ఆగానన్నావు. ఆగకపోతే వాడు బతికేవాడని బతికినన్నాళ్ళూ ఏడ్చావు. ఎందుకాగావని అడిగితే మాత్రం మాట మార్చేసేదానివి. కాళ్ళు పీకాయేమో అనుకున్నాం.

నిన్న ఆ చీకటి గదిలో అందరికంటే ముందు "అబ్బా" అన్నది నేనేనమ్మా. నోరు మూసుకునేలోపే వచ్చేసింది!

ఆ వంతెన మీద నువ్వూ తలెత్తి చూశావు కదూ?