బిడ్డపలక మీద ఖాళీ చోటు

కెనడాలో ఒంటారియో ఉత్తరాన, ఓజిబ్వే ఆదివాసులకి సర్కారు కేటాయించిన ఊరు, రిజర్వు. ఫిలొమీన్ వంటిల్లు. నెలలు నిండుతున్న మనవరాలు జోసెట్ సడ్‌బరీ నుంచి బిడ్డపలక పట్టుకుని ఇప్పుడే కారు దిగి వచ్చింది.

"...పనితనం ఉందే చేతిలో. బిడ్డని కట్టి మోసే పలక ఇంత నున్నగా చెక్కినవాణ్ణి మా నాన్న తర్వాత చూడలేదు. ఏడీ నీ రోలండ్, కార్లోనే కూర్చున్నాడా?"

"చేప వేయించావా అమ్మమ్మా? వాసన గుమ్మం దాకా వస్తోంది."

"వేయించాలే. అతనేడీ అంటే?"

"వస్తాడులే. ముందు టీ పొయ్యి."

"తల దగ్గర ఈ చోటు ఉత్తగా వదిలేశాడేం? తండ్రి గోత్రం చెక్కాల్సింది అక్కడేగా."

"తర్వాత చెక్కొచ్చు. ఏదో మాట్లాడాలి రమ్మన్నావుగా, అది చెప్పు."

"కూర్చో. బిడ్డ పుట్టాక కాగితం మీద తండ్రి పేరు ఎల్మర్‌ది రాయించు."

"ఎల్మర్? మీ అన్న మనవడు ఎల్మరా? నాకు అన్న వరస అమ్మమ్మా!"

"వరసలు ఒట్టావా సర్కారువాళ్ళకేం తెలుసు? వాళ్ళకి కావాల్సింది ఆదివాసీ అని వాళ్ళిచ్చే కార్డు. ఎల్మర్‌కి ఉంది, రోలండ్‌కి లేదు."

"రోలండ్ ఓజిబ్వే కాడా? మన భాష నీకన్నా బాగా మాట్లాడతాడు."

"మిన్నెసోటా ఓజిబ్వే. సరిహద్దుకి అటు అమెరికాలో పుట్టినవాడు మన పార్లమెంటు లెక్కలో పరాయివాడే. నీది సగం కార్డు, మిగతా సగం తండ్రి నుంచి రావాలి. అతనితో బిడ్డని కంటే దానికి అసలు రాదు. బిడ్డకి కార్డు లేకపోతే నీ తర్వాత ఈ ఇల్లు ఎవరికే?"

"ఆ చట్టం మారుస్తూ ఇంకో బిల్లు వస్తోందంటున్నారుగా."

"బిల్లుల గురించి నాకు చెప్తావా? తెల్లవాణ్ణి చేసుకున్నానని నన్ను మన జాతి జాబితాలోంచి తీసేసింది ఒక చట్టం. అదే చట్టం, మా అన్న తెల్లపిల్లని చేసుకుంటే ఆమెని కాగితం మీద మన జాతిదాన్ని చేసి కూర్చోబెట్టింది. ఎనభై అయిదులో ఒక ప్రభుత్వం పోనీలే రా అంది, మీ అమ్మకి మాత్రం సగం ఇచ్చింది. పాతికేళ్ళకి ఇంకో ప్రభుత్వం మీ అమ్మది నిండు చేసి, నీకు సగం పెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ ఏదో సవరించారు, నీదాకా రానే లేదు. అందరూ నవ్వుతూ ఫొటోలు మాత్రం దిగారు."

"ఆ చట్టం మార్చమని ఊరేగింపులో ఒట్టావా దాకా నడిచినదానివి, నన్ను అబద్ధం రాయమంటున్నావు."

"నడిచాను కాబట్టే చెప్తున్నా. మా అమ్మ పోయినప్పుడు ఇదే ఇంటికి చుట్టంలా వచ్చి, ఏడ్చి, పొమ్మంటే పోయాను. ఇక్కడ ఉండే హక్కు లేదన్నారు. నీ బిడ్డకి ఆ గతి పట్టకూడదు."

"అమ్మ తండ్రి తెల్లవాడు. నా తండ్రి తెల్లవాడు. నీ తర్వాత మన ఇంట్లో ఎవరికైనా గోత్రం ఉందా అమ్మమ్మా? తండ్రి నుంచే రావాలిగా అది. ఈ బిడ్డకి ఉంది. రోలండ్ వాళ్ళది ఎలుగుబంటి."

"అది మనకి తెలిస్తే చాలదా?"

"పేరు పెట్టేరోజు పెద్దాయన తండ్రిని లేవమంటాడు. ఎవరు లేవాలి? ఎల్మర్ లేచి మా గోత్రం కొంగ అంటే, రోలండ్ తలొంచుకుని వినాలా?"

"ముందు ఆ టీ తాగు."

"చెప్పు అమ్మమ్మా."

"మా నాన్నా ఇదే అడిగాడు నన్ను. పెళ్ళి మానుకో, బిడ్డకి తండ్రెవరో తెలియదని చెప్పు, ఊళ్ళోనే ఉంటావు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చచ్చినా అననన్నాను. మీ తాత పక్కనే నిలబడి ఉన్నాడు, ఎలా అంటాను?"

"మరి నన్నెలా అనమంటున్నావు?"

"...భయమేసిందే. నేను పోతే నీకు ఈ గుమ్మం కూడా ఉండదేమోనని. సరే, వద్దులే. రోలండ్ పేరే రాయించు. ఇల్లు పోతే పోయింది."

"అమ్మమ్మా..."

"మొన్న ఫోన్ చేసి అతన్ని కూడా కాస్త గట్టిగానే అన్నాను. బిడ్డ మంచి కోరేవాడివైతే పక్కకి తప్పుకో అన్నాను. తప్పు నాదే, నేనే చెప్పుకుంటా. పిలువు లోపలికి, చేప చల్లారిపోతోంది."

"కార్లో ఎవరూ లేరు. ఏమన్నావో నీ నోటితో వినాలనే ఇంతసేపూ ఏమీ తెలియనట్టు ఉన్నాను. ఎల్మర్ దగ్గరికి తనే వెళ్ళి, తండ్రిగా పేరివ్వమని బతిమాలి, ఒప్పించి, నిన్న సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. ఆ చోటు మరిచిపోయి వదల్లేదు అమ్మమ్మా. ఎల్మర్ చేత కొంగని చెక్కించుకోమన్నాడు."