సాయమ్మ ఇంటి ఐదు మెట్లు

"నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదు. ఒక అర్జీ ఇచ్చిన, గంతే" అని మొదలుపెట్టాడు మట్టయ్య మామ, కాలు మీద కాలేసుకొని.

ఆయన 'గంతే' అన్నాడంటే ఇంకో గంట పడుతుందని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే కాటయ్య మేస్త్రీ తువ్వాల భుజాన సర్దుకొని గోడకు ఆనుకున్నాడు. నేను జిరాక్స్ షాపు షట్టరు సగం దించి వచ్చి, అరుగు చివర్న చోటు చూసుకున్నాను. మామ అరుగంటే మా వీధికి అసెంబ్లీ. ముప్పై ఏళ్లు మిర్యాలగూడ రైస్ మిల్లు లారీ నడిపి, దిగిన ఏడే ఆ అరుగు కట్టించుకున్నాడు. కట్టింది కాటయ్యే. నున్నటి నాపరాళ్లు పరిచి, ఎనిమిది మంది హాయిగా కూర్చునేలా కట్టాడు. అప్పటినుంచి ఆ లారీ తిరిగిన ఊళ్లన్నీ మామ ఆ అరుగు మీద కూర్చొనే మళ్లీ తిరిగాడు, తిరగని ఊళ్లతో సహా.

ఎదురింటి సాయమ్మ మాత్రం కూర్చోలేదు. ఇంటి ముందే పొయ్యి పెట్టుకొని చాయ అమ్ముతుందామె. గ్లాసుల పళ్లెం పట్టుకొని నిలబడే ఉంది. వీధి మొదట్లో జేసీబీ వచ్చి ఆగింది, రేపు పొద్దున కొత్త సీసీ రోడ్డు పని. ఇప్పటికి మా వీధికి మూడుసార్లు రోడ్డు వేశారు, మూడుసార్లూ పాతదాని మీదే పోశారు. ఒకప్పుడు సాయమ్మ ఐదు మెట్లెక్కి ఇంట్లోకి పోయేదట. ఇప్పుడు రోడ్డు మీదినుంచి ఇంట్లోకి దిగుతుంది. గట్టిగా వాన పడితే గడప దాటి నీళ్లొస్తాయి, బియ్యం డబ్బా, గ్యాసు పొయ్యి మంచమెక్కి కూర్చుంటాయి. ఇంకో పొర పోశారంటే ఆ ఇల్లు గుంతలో పడ్డట్టే.

"అన్నా, ముచ్చట తర్వాత చెప్పు. తవ్వి ఏస్తరా, మీదనే పోస్తరా? గదొక్కటి చెప్పు ముందుగాల" అంది.

"చెప్త, చెప్త. వరసగ ఇనాలె గద" అన్నాడు మామ, మడతపెట్టిన పసుప్పచ్చ కాగితంతో విసురుకుంటూ. "పోయిన నెల కౌన్సిల్ మీటింగు. శ్రీహరి టైపు కొట్టిచ్చిన అర్జీ జేబుల పెట్టుకొని పోయిన. నాలుగు లైన్లే. ఏం శ్రీహరీ, నాలుగేనా?"

"నాలుగే మామా" అన్నాను. అంతవరకు నిజమే, టైపు చేసింది నేనే కదా.

"ఇన్నరు గద. ఎన్క బెంచీ మీద కూసున్న. ఎజెండా సదువుతున్నరు. మొదటి అంశం వీధిలైట్లు, ఆమోదం. రెండోది దోమల మందు మిషన్‌కు రిపేరు, ఆమోదం. మూడోది కుక్కలు, ఆమోదం. కుక్కలకు ఏం ఆమోదించిన్రో కుక్కలకే తెల్వదు, గంత జోరుగ పోతున్నది మీటింగు. పదిహేడో అంశం మన వీధి. 'పాత రోడ్డు మీద కొత్త రోడ్డు' అని సదివిన్రో లేదో, నేను జర దగ్గిన. ఊరికె దగ్గిన, గంతే. ఆ దగ్గుకు మైకు కిందవడ్డది, ఫ్యాన్లు ఆగినయ్, కమిషనర్ సారు ముందట ప్లేటుల ఉన్న సమోస గజగజ వణికింది."

"సమోస ఎందుకు వణికిందే?" అన్నాడు కాటయ్య.

"నువ్వు ఆడ లేవు కాటయ్యా, ఉంటే నువ్వూ వణుకుదువు. చైర్‌పర్సన్ మేడం లేసి నిలవడ్డది. 'ఎవరయ్యా నువ్వు' అన్నది. 'మేడం, ముప్పై ఏండ్లు రోడ్డు మీదనే తిని రోడ్డు మీదనే పండుకున్న మట్టయ్యను. రోడ్డు మీద రోడ్డు పోస్తే ఏమైతదో మీ ఇంజనీర్లను కాదు, నన్ను అడుగున్రి' అన్న. 'చెప్పు' అన్నది. ఇగ అందుకున్న సూడు."

మామ చాయ ఒక్క గుటకలో తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు.

"'మేడం, మొదటి రోడ్డుకు మా సాయమ్మ ఇంటి మెట్లు రెండు పోయినయ్. రెండో రోడ్డుకు ఇంక రెండు. మూడో రోడ్డుకు మెట్లే కాదు, కరెంటు స్తంభాలు గూడ మునిగి మోకాళ్ల దాక వచ్చినయ్. వీధిలైటు బుగ్గ పోతే నిచ్చెన అక్కర్లే, వంగి మార్చుడే. చలికాలం మా వీధి కుక్కలు లైటు చుట్టూ కూసోని కాళ్లు కాచుకుంటయ్' అన్న."

"మన వీధిల గట్ల ఎప్పుడున్నదే?"

"నువ్వు పనికి పోయినప్పుడు. మధ్యల అడ్డం రాకు. అంతటితోని ఆగితే బాగుండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు పొద్దున లేసి పండ్లు తోముకుంట సూస్తే మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనవడుతున్నయ్, వాటెన్క కృష్ణ, కృష్ణల పుట్టి మీద చేపలు పట్టేటాయన, ఆయన చేతుల బీడికట్ట, దాని మీద బొమ్మ. చిలుకూరు పొలాలల్ల వరికి తెగులొస్తే నేను గీడికెల్లే ఫోన్ చేసిన, మూడో మడి, తూర్పు గట్టు పక్కపొంటి మందు కొట్టున్రి అని. కోదాడ నుంచి వచ్చేటోళ్లు ఇదేదో కొత్త గుట్ట వెలిసిందని బస్సు ఆపి కొబ్బరికాయలు కొట్టిన్రు. నా లారీ మన వీధి ఎక్కాల్నంటే ఫస్టు గేరుల తెల్లారగట్ల మొదలుపెడితే పొద్దుగూకేదాక ఎక్కుడే. నడిమిట్ల ఆపి సద్ది తిని, జరసేపు కునుకు తీసి, మళ్ల ఎక్కుడు."

"అప్పటికే నువ్వు లారీ దిగిపోయినవ్ గద మామా" అన్నాను.

"దిగిన. దిగినంక ఎక్కిచ్చిన. నువ్వు జిరాక్సులు తీసుకో శ్రీహరీ, నీకు బండి సంగతి తెల్వదు. ఆఖరికి కమిషనర్ సారు దిక్కు తిరిగి అన్న. 'సారూ, మా వీధి మీద ఇంకొక్క పొర పోసిన్రా, చందమామ వచ్చి మన మున్సిపాలిటీల కలుస్తది. ఇగ దానికి ఇంటి నంబరెయ్యాలె, నల్లా కనెక్షనియ్యాలె, ఇంటిపన్ను నోటీసియ్యాలె, చెత్తబండి దినాం పంపాలె. మీకు ఉన్నయే నాలుగు బండ్లు. సూస్కోన్రి' అన్న."

కాటయ్య తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. సాయమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వింది కాని మరిచిపోలేదు.

"అన్నా, నవ్వింది సాలు. తవ్వుతరా, తవ్వరా?"

"తవ్వుడే! తీర్మానం అయింది. ఇగో కాగితం" అని మామ ఆ పసుప్పచ్చ మడత గాలిలో ఊపాడు.

"ఇటియ్యి, సదువుత."

"సర్కారు కాగితం సాయమ్మా, చాయ మరకలైతయ్" అని దాన్ని తొడ కింద పెట్టుకొని మీద బరువుగా కూర్చున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఇంటివైపు చూడలేదు. నాకెందుకో ఆ చూడకపోవడం నచ్చలేదు.

అప్పుడే వార్డు ఆఫీసర్ భాగ్యశ్రీ మేడం స్కూటీ వచ్చి ఆగింది. చేతిలో కొలత టేపు, పెయింటు డబ్బా. మామ అటు తిరిగి ఉన్నాడు, చూడలేదు. నేను చెప్పబోతే ఆమె వద్దన్నట్టు వేలు అడ్డం పెట్టి, సాయమ్మ ఇచ్చిన చాయ అందుకొని, మామ వెనక అరుగు అంచున కూర్చుంది.

"ఇగ కమిషనర్ సారు నా చెయ్యి పట్టుకున్నడు" మామ గొంతు ఇంకో మెట్టెక్కింది. "'మట్టయ్యా, ఇప్పుడే తవ్వి సూద్దాం పా' అన్నడు. మీరంతా మోతె ఊళ్లె పెండ్లికి పోయిన్రు గద, గప్పుడు. జేసీబీ వచ్చింది. మొదటి పొర తీసిన్రు. కాటయ్యా, నీ తాపీ దొరికింది. ఎన్నడో పోయిందని ఏడిస్తివి సూడు, దానికి అంటిన సిమెంటు ఇంకా తడిగనే ఉన్నది."

"మరి ఏది నా తాపీ?"

"పంచనామాల ఉన్నది. ఆగు. రెండో పొర తీసిన్రు, కింద పెండ్లి ఊరేగింపు. బ్యాండోళ్లు వాయించుకుంటనే ఉన్నరు. పెండ్లిపిల్లగానికి గడ్డం బొడ్డు దాక పెరిగింది. నన్ను సూసి 'పెద్దనాయినా, రోడ్డు ఆరిందా, నడవొచ్చా' అన్నడు. మూడో పొర తీసిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాం. ఏం చేస్తాం, అడక్కుండా ఉండలేము.

"కింద కౌన్సిల్ మీటింగు నడుస్తున్నది! ఏనాటి కౌన్సిలో, అందరు వరసగ కూసోని ఉన్నరు. మన వీధి మోరీ అంశమే. సదువుడు, 'వచ్చే మీటింగుకు వాయిదా' అనుడు, చాయ తాగుడు, మళ్ల మొదటికెల్లి సదువుడు. తల ఎత్తి నన్ను సూసి 'నువ్వెవరయ్యా, ఎజెండాల లేవు' అన్నరు. మన సారు రెండు చేతులెత్తి దండం పెట్టి, 'పెద్దలు, మీరు కానియ్యున్రి' అని మెల్లగ మన్ను కప్పిచ్చిండు. కప్పిచ్చి, నా భుజం మీద చెయ్యేసి, 'మట్టయ్యా, నీ అసోంటోడు వీధికొక్కడుంటే మాకు ఆఫీసే అక్కర్లేదు' అన్నడు."

"సారు గట్లన్నడా పెద్దాయనా? మాకు ఒక్కనాడు చెప్పలే" అంది వెనకనుంచి భాగ్యశ్రీ మేడం.

మామ కాలు మీది కాలు దానంతటదే కిందికి దిగింది.

మేడం కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఇబ్బందైంది. "అర్జీ ఇచ్చింది నిజమే సాయమ్మా. తలుపు దగ్గర గంటసేపు నిలవడి, బల్ల మీద పెట్టి, దండం పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండ పోయిండు. కానీ ఆ అర్జీ మీదనే మేము వచ్చి కొలిచినం. పాతది తవ్వి ఎయ్యాలె అని తీర్మానం అయింది."

సాయమ్మ పళ్లెంతో సహా ముందుకొచ్చింది. "నిజంగనా మేడం?"

"నిజమే. కానీ వీధి గీడ ఇరుకు" అంటూ మేడం టేపు లాగింది. ఒక కొస మోరీ పక్కన పెట్టి, రెండో కొస మామ మోకాలి దగ్గరికి తెచ్చింది. "ఈ అరుగు నాలుగు అడుగులు రోడ్డు మీదికొచ్చింది. ఇది దాటి జేసీబీ లోపలికి పోదు. తీసెయ్యమని మూడు నోటీసులిచ్చినం. మూడోది ఇగో, మీ తొడ కింద పసుప్పచ్చగ కనవడుతున్నది పెద్దాయనా. ఇయ్యాల సంతకం కాకపోతే కాంట్రాక్టరు తవ్వడు, మీదనే పోసి పోతడు. ఇగ నా చేతుల లేదు."

కాటయ్య తను పరిచిన నాపరాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు మొదట ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఎదురింట్లో నీళ్లు ఎత్తిపోస్తుంటే ఈయన నోటీసుతో విసురుకుంటున్నాడా అనిపించింది. తర్వాత మామ ముఖం చూశాను. ఆ కోతలన్నీ ఎటు పోయాయో, అరవై ఎనిమిదేళ్ల ముసలాయన ఒక్కడే మిగిలాడక్కడ.

"అరుగు పోతే నేనేడ కూసోవాలె?" అన్నాడు చాలా చిన్న గొంతుతో. "లోపల కుర్చీల కూసుంటే నా తానికి ఎవరొస్తరు?"

ఆయన నోట కోత కాని మాట నేను విన్నది అదే మొదటిసారి. జాలేసింది.

సాయమ్మ పళ్లెం కింద పెట్టింది. "గింతదానికి మూడు నోటీసుల దాక దాచిపెట్టినవా? వాన పడ్డ ప్రతిసారి నువ్వే వచ్చి బకిట్లతోని నీళ్లెత్తిపోస్తివి కదన్నా, ఒక్కనాడు నోరు విప్పి చెప్పవద్దా?" అని కసిరింది. కసిరి, "తవ్వితే నా ఐదు మెట్లు బయటికొస్తయ్. గాడ కూసో. పై మెట్టు నీదే. అరుగు మీద కోసినా మెట్ల మీద కోసినా కోతలు కోతలే. చాయ గూడ దగ్గర" అంది.

మామ తొడ కింది కాగితం బయటికి తీసి, చేత్తో సాపు చేసి, నా దగ్గర పెన్ను అడిగి సంతకం పెట్టాడు. పెట్టి, "కాటయ్యా, గడ్డపార తే" అన్నాడు. మొదటి దెబ్బ తనే వేశాడు. రాయి కదల్లేదు, ఆయన నడుము పట్టింది. "నువ్వు కట్టిందేదీ ఊడదురా" అని కాటయ్యను తిట్టాడు. ఆ తిట్టుకు కాటయ్య మురిసిపోయి మిగతా దెబ్బలన్నీ తనే వేశాడు. దీపాలు పెట్టే వేళకు అరుగు లేదు.

మర్నాడు పొద్దున జేసీబీ అరుగున్న చోటునుంచి లోపలికి వచ్చింది. మూడు పొరల రోడ్డూ పెచ్చులు పెచ్చులుగా లేచింది. మధ్యాహ్నానికి సాయమ్మ గడప కింద మట్టి దులిపితే మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వీధంతా చేరి లెక్కపెట్టాం. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత ఒట్టి నేల. కాటయ్య గడ్డపారతో పొడిచి చూశాడు, ఏమీ లేదు. అయినా సాయమ్మ ఇల్లు మళ్లీ రోడ్డుకన్నా ఎత్తున నిలబడింది, అది చాలు.

మామ మాత్రం ఊరుకుంటాడా? రాత్రి నుంచి మూగబోయిన మనిషికి ప్రాణం లేచొచ్చింది. నడుం మీద చెయ్యేసుకొని, "మూడే ఉన్నయ్ గద సాయమ్మా, ఇన్నేండ్లు ఐదు ఐదని చెప్తివి?" అన్నాడు, అందరికీ వినపడేలా.

సాయమ్మ చాయ వడపోస్తూ తల కూడా ఎత్తలేదు.

"కింది రెండు ఇంకా లోపలున్నయన్నా. వాటి మీద నీ పాత కౌన్సిలోళ్లు కూసున్నరు. మీటింగు కాంగనే వస్తయ్."

మామ పై మెట్టెక్కి కూర్చొని, ఓ పక్కకు జరిగి, సాయమ్మకు చోటిచ్చాడు.