కల్వర్టు పాసైంది

టేకులపల్లి అవతలి వాగు మీద కొత్త కల్వర్టు తొలివానకే నడుమ విరిగింది. రేషన్ బియ్యం మూట నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగబోతున్న అవ్వ, పగులు కొలుస్తున్న ఇంజనీరు దగ్గర ఆగింది.

"గిట్లెట్ల ఇరిగింది సారూ?"

"కాంక్రీటును ఇరవై ఎనిమిది రోజులు తడపాలె అవ్వా. నేను రెండో రోజుకే మర్చిపోయిన."

"పరీక్ష చెయ్యలేదా?"

"చేసిన. ఇదే కాంక్రీటు మాలుతోని దిమ్మెలు పోసి, నెలంతా తొట్ల నానబెట్టిన. నా పిల్లలను గూడ గంత మంచిగ చూసుకోలే. రాయి లెక్క అయినయ్."

"గవన్న ఇయ్యి. వాగుల ఏసుకుని దాటుతం."

"లేవవ్వా. బలమెంతో తెల్వాలంటే మిషన్ల పెట్టి పలగ్గొట్టాలె."

"అంటే గట్టియి పలగ్గొట్టి, మెత్తది మాకిచ్చినవా?"

"అవ్. సర్టిఫికెట్ మాత్రం మంచిగొచ్చింది."

"గట్లయితే గా సర్టిఫికెటే వాగు మీద పరుచు సారూ, నడిచి పోత."