స్క్రోల్ అనే మాట వల్ల మా గదిలో జరిగింది

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, ఆయన పక్కన కూర్చుని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న ముఖ్య అతిథిగారికి, మన నిఘంటు కార్యాలయం పెద్దలకు, నా కోసం ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చిన మా తమ్ముడికీ మరదలికీ, టీ ఫ్లాస్కుకు కాపలా ఉన్న క్యాంటీను మిత్రులకు నమస్కారం.

ముందు మాట్లాడినవారు నన్ను మృదుభాషి అన్నారు. వీడ్కోలు సభ మర్యాద కోసం తల వంచుకుని విన్నాను గానీ, ఆ మాట రాగానే నా ఎదురు బల్ల మేడమ్‌గారికి దగ్గు రావడం మీరందరూ విన్నారు. (నవ్వులు) అది న్యాయమైన దగ్గే. మేమిద్దరం ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద మూడేళ్ళు మాట్లాడుకోకుండా పనిచేశాం. ఆస్తి తగాదా కాదు, ప్రమోషన్ గొడవా కాదు. స్క్రోల్ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమనాలన్న దగ్గర తెగిపోయింది. మాటలు కూర్చే ఉద్యోగం చేస్తూ మాటలు మానేసినవాళ్ళు మరెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఆ మాట వంతు వచ్చిన రోజు నేను ‘చుట్ట’ అని రాశాను. పూర్వం రాతలను చుట్టి దాచేవారు కాబట్టి చుట్ట. అందులో తప్పేముందని నా ధీమా. మేడమ్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని, చుట్ట అంటే జనం కాల్చుకునేదనుకుంటారని అన్నారు. అనుకోరన్నాను. అయితే చూద్దామని మన అటెండరుగారిని పిలిచి, ఎలాంటిదో చెప్పకుండా బజారు నుంచి ఒక చుట్ట తెమ్మన్నారు. ఆయన పొగాకు చుట్ట తెచ్చారు. నేను వదల్లేదు, వేరే కొట్టుకు పంపాను. అక్కడ కరెంటు తీగ చుట్ట ఇచ్చారు. మూడో కొట్టు యజమాని మాత్రం ఏమీ ఇవ్వకుండా, మీ ఆఫీసులో అందరూ బాగానే ఉన్నారా అని అడిగి పంపాడట. (నవ్వులు)

దానితో ఇద్దరికీ పంతం వచ్చింది. ఆవిడ టీవీ ఆఫీసుకు వెళ్ళి, తెర అడుగున పరుగెత్తే వార్తల వరసను రాసే అమ్మాయి పక్కన ఒక పూటంతా కూర్చుని, దాన్ని స్క్రోలింగ్ అనే అంటారని, ఇంకేమన్నా ఎవరికీ అర్థం కాదని రుజువు పట్టుకొచ్చారు. నేను వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. కుర్చీ చేతి చివర నత్తలా మెలిక తిరిగే చెక్కడం కూడా స్క్రోలేనట. వయొలిన్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. వయొలిన్ మెడ చివర ముడుచుకున్న తలా అదేనట. ఎక్కడ చూసినా ఏదో ఒకటి చుట్టుకునే ఉంది కదా, ఇక చుట్టే నెగ్గిందని గర్వంగా గదిలోకి వచ్చాను. ఆవిడ తన ఫోను నా ముక్కు దాకా తెచ్చి, తెరను వేలితో పైకి తోస్తూ అడిగారు.

"ఇందులో ఏం చుట్టుకుంటోందో చూపించండి."

"మీ మొండితనం" అన్నాను.

అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఫ్యాను తగ్గించాలంటే ఆవిడ అటెండరుగారితో చెప్పేవారు. ఆయన నా వైపు తిరిగి అదే చెప్పేవారు. నేను అక్కర్లేదంటే అటు తిరిగి అప్పజెప్పేవారు. ఆయనకు ‘రేడియో’ అనే పేరు వచ్చింది అందుకే. ఆయన సెలవు పెట్టిన రోజున నేను మంచినీళ్ళ కూజాతో మాట్లాడేవాణ్ణి. కూజా ఎప్పుడూ ఆవిడ పక్షమే. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, ఇంటికి వెళ్ళి ఒక్కణ్ణే వండుకుంటూ, ఆవిడ ఇలా అని ఉంటే నేను అలా అని ఉండేవాణ్ణి కదా అని రెండు వైపులా నేనే వాదించుకునేవాణ్ణి. మా ఇంటికి ఎవరో చుట్టం వచ్చారని పక్కింటివాళ్ళు అనుకున్నారు.

ఇలా ఉండగా మేడమ్‌గారు ఆఫీసు మెట్ల మీద జారిపడ్డారు. రెండు మణికట్లకూ కట్లు. నిఘంటువు సంపుటం అచ్చుకు వెళ్ళే ముందు తుది ప్రతిని కంప్యూటరులో ఆవిడ చూడాల్సిందే. మౌస్ పట్టే బాధ్యత డైరెక్టరుగారు నాకు అప్పగించారు. పక్కపక్కన కూర్చున్నాం. మొదటి పేజీ వచ్చింది. అది ముందుకు కదలాలంటే ఆవిడ నన్ను ఏదో ఒక మాట అడగాలి. ఏ మాట అడిగితే అదే స్క్రోల్‌కు తెలుగవుతుంది. ‘జరపండి’ అంటే జరపడం, ‘తిప్పండి’ అంటే తిప్పడం, ‘చుట్టండి’ అన్నారా, నేను గెలిచినట్టే. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా ఇద్దరం ఆ మొదటి పేజీనే చూస్తూ కూర్చున్నాం. రేడియోగారు తొంగిచూసి, కరెంటు లేదేమోనని లైటు వేసి చూసుకుని వెళ్ళారు.

భోజనాలయ్యాక ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పకుండా "ఊ" అన్నారు.

నా చెయ్యి దానంతటదే కదిలింది. పేజీ జరిగింది. అది చదివి మళ్ళీ ఊ అన్నారు. కథ వినేవాళ్ళు ఊ కొడితే చెప్పేవాడికి ఎంత ఊపు వస్తుందో మీకు తెలుసు. ఆ ఊపులో సంపుటమంతా చదివేశాం. మధ్యలో ఒకచోట "ఊహూ" అన్నారు. చూస్తే అచ్చుతప్పు, నాదే. దిద్ది, థాంక్సండీ అన్నాను. పర్లేదండీ అన్నారు. మూడేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్నది అంతే.

(మైకు తుడిచి) క్షమించండి, మైకులో ఏదో దుమ్ము ఉంది.

గుమ్మంలో నిలబడ్డ రేడియోగారు, ఇకపై తన పనేమిటని కాస్త దిగులుగానే అడిగారు. నేనైతే స్క్రోల్ చేయడానికి సరైన తెలుగు ‘ఊ’ అని రాసి పైకి పంపాను. డైరెక్టరుగారు ఊహూ అన్నారు. (నవ్వులు) చివరికి రాతలకు చుట్ట, కుర్చీకి మెలిక, ఫోనుకు స్క్రోల్ చేయు అని అచ్చయింది. ఇద్దరం ఓడిపోయామని ఆవిడ అంటారు, చెరిసగం గెలిచామని నేనంటాను. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఇవాళ పొద్దున నేను సొరుగు ఖాళీ చేస్తుంటే మేడమ్‌గారు వచ్చి నిలబడ్డారు. సోమవారం నుంచి ‘సెట్’ అనే మాట మొదలవుతుందన్నారు. టీ సెట్టు, నాటకం సెట్టు, మనుషులు ఒకరికొకరు సెట్ అవ్వడం, కాకపోవడం, బోలెడు అర్థాలున్నాయన్నారు.

"నేను రాసిందానికి నేనే సరేననుకుంటూ కూర్చుంటే మాట పాడైపోతుందండీ. కాదనడానికి ఎవరో ఒకరుండాలి."

సాయంత్రం నుంచి నేను ఈ ఆఫీసు ఉద్యోగిని కానని గుర్తుచేశాను.

"నేను ఉద్యోగిని రమ్మనలేదు" అన్నారు.

అధ్యక్షులవారూ, రిటైరైనవాడికి కుర్చీ వేయడం రూల్సులో లేదని మీరు ముఖ్య అతిథిగారి చెవిలో చెబుతున్నది మైకులో వినబడుతోంది. కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకుంటాను. నన్ను సాగనంపడానికి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు; ఆ శ్రమ వృథా చేస్తున్నందుకు క్షమాపణలు. సోమవారం పదింటికి వస్తాను.

అంతవరకే సెలవు.