గంట ఎవరి మీద మోగింది

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఓ జంట, కింద లిఫ్టు తలుపు ముందు నిలబడి ఉంది. లిఫ్టు ఇంకా పైనెక్కడో ఉంది.

"డాక్టరు చెప్పింది విన్నారుగా. ఒళ్ళు తగ్గకపోతే షుగరు, గుండె, మోకాళ్ళు, అన్నీ కలిసి మీద పడతాయట."

"ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు. నువ్వు కాస్త జరుగు, ముందు నేనెక్కాలి."

"రోజూ ఎందుకండీ ఆ తొందర?"

"చివర్లో ఎక్కితే బరువెక్కువైందని గంట కొడుతుంది. అందరూ నన్నే చూస్తారు. ముందే ఎక్కి మూల నిలబడ్డాననుకో, ఆ నింద వెనకాల ఎక్కినవాళ్ళది."

"రోజూ మీ వెనకాల చివర్లో ఎక్కేది ఎవరో చూశారా? మన పక్కింటి పాటల టీచరు."

"ఆవిడా? పాపం, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది."

"గంట తనవల్లే మోగుతోందని వారం నుంచి అన్నం మానేసింది. నిన్న పాఠం మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది."

"అయ్యో. నువ్వేం చెప్పావు?"

"కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు తగ్గదమ్మా, రోగమొస్తుందన్నాను. పొద్దున ఎదురుగా కూర్చోబెట్టి తినిపించాను. ఇకమీదట శుభ్రంగా తిని, మెట్లెక్కమన్నాను. ఒంటరిగా భయమంటే, మా ఆయన తోడొస్తారన్నాను."

"ఐదంతస్తులా? అయినా ఆవిడకి తగ్గడానికేముందే?"

"ఆ మాట మీరే చెప్పండి. గంట ఎవరిదో కూడా చెప్పేయండి, ఓ పనైపోతుంది."

"నేనా?"

"అదిగో, వస్తోంది."

"నమస్కారం టీచరుగారూ. ఈ లిఫ్టులో అసలు గాలాడదండీ. రండి, మెట్లెక్కుదాం."