ఘాట్ కింద దించిన మంచం

“తాతా, ఈసారి సైకిల్ రైడ్‌ల నా పేరు ఇచ్చిన. నిన్ను గూడ తోలుకరమ్మన్నరు. వస్తవా?”

నేనా? నేను రాను బిడ్డా. ఎందుకు అంటే ఏం చెప్పాలె... ఫోన్ల పట్టుకుంటున్నవా నా మాట? పట్టుకో. ఒక్కసారే చెప్త, మల్ల అడగొద్దు. మీ నాయనమ్మకు గూడ సగమే చెప్పిన నేను. తతిమ్మ సగం నోట్లకెళ్లి రాలే.

మూడేండ్లాయె. కాదు, నాలుగు. మీ నాయన ఈ ముదిగొండల ఇల్లు కట్టిన ఏడే గదా, అవ్, నాలుగే. ఖమ్మంకెళ్లి ఒకాయన కార్ల వచ్చిండు, కిరణ్ సారు అని, ఈ సైకిళ్లోళ్లకు పెద్ద. మంచోడే. చెడ్డోడైతే నాకీ బాధనే లేకపోవు. ఒక రోజు ఖమ్మం నుంచి భద్రాచలం, తెల్లారి ఆ అవతల గుట్టలు ఎక్కి దిగుడు, అరవై మంది తొక్కుతరంట. తొక్కినోళ్లకు చందాలొస్తయి, ఆ చందాలతోటి గూడేలకు అంబులెన్సు బండి కొంటరు. కాన్పుకు ఆడోళ్లను మంచం మీద మోసుకపోవుడు బందు కావాలె తాతా అన్నడు. ఆడ ఇరవై ఎనిమిదేండ్లు టపా పంచినవట, కోయ భాష వస్తదట, నువ్వు మాతోటి ఉంటే ఆ ధైర్యమే వేరు అన్నడు. అరవై ఎనిమిదేండ్లోణ్ణి, ఉబ్బి తబ్బిబ్బయిన.

నీకు ఎరుకేనా, నౌకరీల చేరిన్నాడు మా బావ తొక్కి తొక్కి ఇడిసిపెట్టిన సైకిలు నూట ఎనభైకి కొన్న. బ్రేకులు లేవు దానికి, చెప్పేసుకున్న కాలే బ్రేకు. చాయ్ ముప్పై పైసలుండె గప్పుడు. వీళ్ల సైకిలు ఒక్కొక్కటి లక్షన్నర అంట, చిటికెన వేలుతోటి లేపొచ్చు. నాకూ ఒకటిచ్చిండ్రు, ఎర్ర బనీను ఒకటిచ్చిండ్రు, పొట్ట మీద బిగుతు. మీ నాయనమ్మ చూసి, పెండ్లికొడుకైనవ్ పో అన్నది.

ఏం చెప్తున్న... ఆ, టపా. ఆ గూడేలల్ల చదువొచ్చినోళ్లు గప్పుడు ఎంతమందిలే. ఉత్తరమొస్తే నేనే చదవాలె, వాళ్ల భాషల నేనే చెప్పాలె. హాస్టల్ల పిల్లలు రాసినవి, ఆఫీసు కాయితాలు, అన్నీ. ఉన్నది ఉన్నట్టు చెప్పెటోణ్ణి. జోగయ్య అని ఉండె, నాకంటె ఏడెనిమిదేండ్లు చిన్న. భూమి పట్టాకు దరఖాస్తు పెట్టుకున్నడు పాపం. లేదు, రాదు అని కాయితం వచ్చింది. వాని పెండ్లాం బువ్వ వండుతుండె, పొయ్యి కాడ కూసుండి చదివిన. ఏడ్చిండ్రు. జర మెత్తగ చెప్పొచ్చు గదా అని మా పోస్టుమాస్టరు అన్నడు గని, మెత్తగ చెప్తే ఇంకో ఏడాది తిరుగుతడు వాడు ఆఫీసుల సుట్టు. చెడ్డ మాటైనా దాయకుండ చెప్తడని నాకు ఆడ పేరు. టపా అన్న చెప్పిండు అంటే ఇగ దానికి తిరుగు లేదు. నా ఆస్తంటే గంతే బిడ్డా, ఇంకేం సంపాయించలే నేను.

ఇగ ఆ రెండో రోజు. తెల్లారంగ గోదారి ఒడ్డున జెండా ఊపిండ్రు, ఫొటోలు దిగినం. ముంగట పోలీసు జీపు, నడుమ మేము, ఎనకాల ఒక అంబులెన్సు, కిరాయిది. అది లేకుంటే పర్మిషన్ ఇయ్యరంట. పది గొట్టేవరకు గుట్ట మీదికెక్కే ఘాట్ రోడ్డు కిందికి వచ్చినం. ఆడ ఆపి అరటిపండ్లు, గ్లూకోజు నీళ్లు ఇచ్చిండ్రు. తాత ఘాట్ ఎక్కుతడా ఎక్కడా అని పిల్లలు పందేలు కాస్తుండ్రు. నేను గూడ మీసం తిప్పుతున్న.

గప్పుడు చెట్లల్లకెళ్లి నలుగురు మంచం మోసుకుంట వచ్చిండ్రు. ముంగట జోగయ్య. మంచం మీద వాని బిడ్డ నాగమ్మ. దాని చిన్నప్పుడు నా సైకిలు గంట కొట్టుకుంట ఎంబడి ఉరికేది, గా పిల్ల. ముందటి దినం నుంచి నొప్పులట. వాగు దాటి అడ్డతోవల దవాఖానకు పోతుండ్రు, రెండు గంటల నడక. తెల్ల బండి కనవడ్డది, ఇటు మల్లిండ్రు. నన్ను చూసిండు జోగయ్య. ఏమనుకున్నడో ఏమో, టపా అన్న తోలుకొచ్చిండు అనుకున్నడేమో, మొకం ఎలిగిపోయింది వానిది.

కిరణ్ సారు నన్ను పక్కకు తీస్కపోయిండు. ఈ బండి పోతే రైడ్ ఆపాలె తాతా, అరవై మంది ఘాట్ల ఉంటరు, ఎవలన్న పడితే నా మీదికొస్తది, నేను వేరే బండి పిలుస్త, అరగంటల వస్తది, నువ్వు వాళ్ల భాషల చెప్పు అన్నడు. ఫోను తీసిండు. ఇటు తిప్పిండు, అటు తిప్పిండు, చెయ్యి పైకి లేపిండు. సిగ్నలు లేదు. మీదికి పోంగనె చేస్త అన్నడు. నేను చూసిన బిడ్డా, నా కండ్లతోటి చూసిన.

పోయి చెప్పిన. ఇంకో బండి వస్తున్నది, అరగంట, మంచం దించుండ్రి అని. ఫోను కలవలేదన్నది చెప్పలే. జోగయ్య ఒక్క మాట అడిగిండు, ఖాయమేనా అన్నా అని. ఖాయమే అన్న. నల్లమద్ది చెట్టు కింద మంచం దించిండ్రు. నాగమ్మ నా దిక్కు చూసి చెయ్యి లేపి దండం పెట్టింది.

నేనన్న ఆడ ఉండాలె గదా. నాతోటి ఏం పని సైకిళ్లోళ్లకు? ఉండి, అరగంట చూసి, బండి రాకుంటే లేవుండ్రి పోదాం అనాలె. ఉండలే. తాతా రా రా అని పిలుస్తుండ్రు పోరగాండ్లు, ఫోన్లు పట్టుకొని ఉన్నరు. ఎక్కిన. మలుపు మలుపుకు గుండె నోట్లకొచ్చింది గని కాలు కింద పెట్టలే. మీద సప్పట్లు కొట్టిండ్రు, మెడల పతకం ఏసిండ్రు. మస్తు సంబురమైంది, నీకాడ అబద్ధమెందుకు. ఆ గంటన్నర నాకు ఆ మంచం యాదికే రాలే.

అంబులెన్సు గూడ మా ఎంబడే మీదికొచ్చింది. దాన్ల ఎవలున్నరు అంటవా? ఖమ్మం బ్యాంకుల పని చేసేటాయన ఒకాయన, పిక్క పట్టిందని చల్లగ ఏసీల పండుకొని వచ్చిండు.

సారు మీదికెళ్లి ఫోను చేసిండు, చెయ్యలేదని నేను అనను. ఉన్న ఒక్క బండి వేరే కేసు మీద పోయిందట, వచ్చినంక పంపుతమన్నరట. పంపుతరంట తాతా అన్నడు. నేను తల ఊపిన. కిందికి ఎవలం పోలే.

ఇంటికొచ్చిన్నాటి నుంచి బువ్వ సయించలే నాకు. పది రోజులు చూసి, భద్రాచలం బస్సెక్కి, ఆడికెళ్లి ఆటో మాట్లాడుకొని గూడెం పోయిన. జోగయ్య కల్లంల కందులు కొడుతుండె. కట్టె పక్కకు పెట్టి నీళ్లు ఇచ్చిండు. అడగకముందే చెప్పిండు. పొద్దు నెత్తి మీదికెళ్లి వాలిందాక చూసిండ్రట. లేసి పోదామని అల్లుడు రెండుసార్లు అంటే, జోగయ్యనే వద్దన్నడట, టపా అన్న చెప్పిండు, వస్తది అని. చెట్టు కిందనే కాన్పైంది. మొగపిల్లగాడు. ఏడ్వలేదు. నాగమ్మ బతికింది, గదొక్కటే.

నువ్వు చెప్పినవు గదా అన్నా, అందుకే కూసున్నం అన్నడు. కోపంతోటి కాదు. మామూలుగ అన్నడు. తిట్టినా బాగుండు, కట్టె లేపి రెండేసినా బాగుండు.

కిరణ్ సారుకు చెప్తే తల పట్టుకున్నడు, ఏం చేస్తం తాతా, పరిస్థితులు గట్లున్నయి అన్నడు. బండి కొన్నరు మల్ల, అబద్ధం ఎందుకాడాలె. పేపర్ల పడ్డది. ఆరు నెలలు తిరిగింది, నడిపేటోడు మానుకున్నడు, ఇప్పుడు ఏదో షెడ్డుల పెట్టిండ్రట. దాని మీద ధూళి మీరు పోయి తుడుస్తరో ఏమో ఈసారి.

నిరుడు నాగమ్మకు మల్ల నెలలు నిండినయి. రెండు దినాల ముందే మంచం ఎత్తిండ్రట. తొవ్వల జీపోడు ఒకడు ఆపి, ఎక్కుండ్రి, దవాఖాన కాడ దింపుత అన్నడట. ఆగలేదట బిడ్డా. నడుసుకుంటనే పోయిండ్రట, రెండు గంటలు. ఆడపిల్ల పుట్టింది, మంచిగున్నది. గని ఆ గూడెంల ఇగ ఎవడు ఆగుండ్రి అన్నా ఆగరు. ఇరవై ఎనిమిదేండ్లు ఉత్తరాలు చదివి చెప్పిన గని, ఆఖరుకు వాళ్లకు నేను నేర్పిన సదువు గిదే.

నువ్వు పో. వద్దని నేనెందుకంట, వయసుల ఉన్నవు, కాళ్లల్ల బలమున్నది. సల్లంగ పోయి సల్లంగ రా. నూరేండ్లు బతుకు. నీ మాట నమ్మి ఎవ్వలూ మంచం దించే రోజు మాత్రం నీకు రావద్దు, బిడ్డా.